పేరుకే యజమాని

ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన తనిఖీ నివేదికలకు లెక్కలేదు. వాటిలో ఒక్క అక్షరం కూడా తప్పులేని నివేదిక ఏదని అడిగితే తడుముకోకుండా చెప్పగలను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా ఆ నివేదికే. ఈమధ్యే ఉద్యోగాల్లో చేరి, చేతిలో ట్యాబులు పట్టుకుని తనిఖీలకు తిరుగుతున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికిరాకపోతే ముసలాడి చాదస్తం అనుకుని వదిలేయండి, నాకేం కోపం రాదు. వచ్చినా ఇప్పుడు నేనెవరికీ మెమో ఇవ్వలేను.

మా కార్యాలయం మియాపూర్ బస్ డిపో దాటాక ఒక అద్దె భవనంలో ఉండేది. చిన్న వ్యాపారాలకు, అందులోనూ బస్తీల్లో ఆడవాళ్ళు పెట్టుకున్న వాటికి, మేమొక ధ్రువపత్రం ఇచ్చేవాళ్ళం. ఆ కాగితం ఉంటే ధరావతు కట్టకుండా, పదేళ్ళ అనుభవం చూపించకుండా ప్రభుత్వ టెండర్లలో పాల్గొనవచ్చు. మంచి ఉద్దేశంతో పెట్టిన పథకమే. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడుగా! పెద్ద కాంట్రాక్టర్లు వంటమనిషి పేరునో, డ్రైవరు భార్య పేరునో కంపెనీ పెట్టి మా దగ్గరికి వచ్చేవాళ్ళు. అసలు మనిషి ఎవరో, పేరు మాత్రమే ఇచ్చిన మనిషి ఎవరో పసిగట్టడమే నా పని.

ఆ పనిలో నాకు పేరుంది. ఎదుటివాళ్ళు అన్న మాటను వాళ్ళ యాసతో సహా, కొటేషన్ గుర్తుల మధ్య, ఉన్నదున్నట్టు రాసుకోవడం నా పద్ధతి. నాది గుంటూరు వైపు. అయినా తెలంగాణ మాటను చెవికి తాకినట్టే కాగితం మీద పెట్టేవాణ్ణి. "మీ నివేదిక చదివితే వాళ్ళే ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటుందండీ" అని ఒక పై అధికారి మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు నాకు బాగానే తలకెక్కింది.

నా రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా ఒక దరఖాస్తు వచ్చింది. నల్లగండ్లకూ రైలు పట్టాలకూ మధ్య ఉన్న ఒక బస్తీ. ఆ వీధిలో నిలబడి తలెత్తితే ఐటీ కంపెనీల అద్దాల భవనాలు కనిపిస్తాయి, తల దించితే మురుగుకాలువ కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టినామెకు నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళది పాలమూరు. పదిహేనేళ్ళు ఆ అద్దాల భవనాల్లోనే ఫ్లోర్లు తుడిచి, చివరికి సూపర్‌వైజర్ అయింది. కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పని అంటూ అంతస్తులు ఖాళీ చేసినప్పుడు ఆమె కిందున్న ఆడవాళ్ళందరికీ పని పోయింది. వాళ్ళలో పదమూడు మందిని కూడగట్టుకుని, తనతో పద్నాలుగు, సొంతంగా క్లీనింగ్ పనులు పట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ దగ్గర్లోనే ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థ తన భవనాన్ని శుభ్రంగా ఉంచే పనికి టెండర్ పిలుస్తోంది. అందుకని మా కాగితం కావాలి.

నేను వెళ్ళేసరికి పొద్దున తొమ్మిదిన్నర. షట్టరున్న ఒక్క గది, అందులో నేల రుద్దే యంత్రం, మాపులు, బకెట్లు. ఆడవాళ్ళంతా అరుగు మీద వరుసగా కూర్చున్నారు. ఉన్న ఒకే ఒక్క కుర్చీలో ఆమె భర్త కూర్చున్నాడు. ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని ఆయనది, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. కుర్చీ ఇచ్చినవాడే ఇంటికి పెద్ద అనుకోవడం నాకు తెలియకుండానే నాలో ఉండిపోయిన అలవాటు. ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగాను.

చూసినవేవీ నాకు నచ్చలేదు. బకెట్ల మీద, మాపు బండి మీద ఒక పెద్ద హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు పేరు అచ్చయి ఉంది. గది కిరాయి కాగితం భర్త పేరున ఉంది. నేనేదో అడిగాను. ఏం అడిగానో అప్పుడు నేను పట్టించుకోలేదు, మీరు మాత్రం ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆమె నవ్వుతూ, "పేరుకే సార్ యజమాని. నడిపిచ్చేటోళ్లు వేరే ఉన్నరు" అంది. అరుగు మీదున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. భర్త కూడా తల గోక్కుంటూ నవ్వాడు.

నా ఒళ్ళు మండిపోయింది. బినామీలను చాలామందిని చూశాను గానీ, మొహం మీదే చెప్పి నవ్వేవాళ్ళను అదే చూడటం. అక్కడే నిలబడి ఆ రెండు వాక్యాలూ పుస్తకంలో రాసుకున్నాను. యంత్రం నడిపి చూపించమని కూడా అడగలేదు. ఆమె చాయ తెప్పిస్తానంటే వద్దని లేచి వచ్చేశాను. కాంట్రాక్టరు పేరున్న సామాను, భర్త పేరున్న కాగితం, దరఖాస్తుదారు నోటి నుంచే వచ్చిన ఒప్పుకోలు అని నివేదిక పంపాను. కమిటీ దరఖాస్తును కొట్టేసింది. నా నివేదిక నకలు ఒకటి ఆమెకు పోస్టులో వెళ్ళింది.

ఆ పోస్టు ఆలస్యంగా చేరింది. నా సర్వీసు ఇంకా ఇరవై మూడు రోజులు మిగిలి ఉందనగా, ఒకరోజు పొద్దున పది గంటలకు ఆ నకలు పట్టుకుని ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ఆరోజే టెండరుకు ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా కాగితాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అన్నీ సిద్ధంగా ఉన్నాయట, మా ధ్రువపత్రం తప్ప.

నకలు నా బల్ల మీద పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ఆ రెండు వాక్యాల మీద వేలు ఆనించింది. "గిది నా మాటనే సార్. కని నేను గిట్ల అనలే."

"మీ మాటే అంటారు, అనలేదంటారు. ఏమ్మా, నేను కల్పించి రాశానా?"

"కల్పించిన్రని అంటలేను సార్. అక్షరం తప్పు పోలే. కని నేను చెప్పింది గిది కాదు."

నా పక్క బల్ల మా కొత్త ఆఫీసరుది. కరీంనగర్ వైపు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తన పనిలో తానున్నట్టే ఉంటుంది గానీ చెవులు మాత్రం ఎప్పుడూ మన బల్ల మీదే. లేచి వచ్చి నకలు చదివి, "సార్, మీరేమడిగితే ఆమె గిట్లన్నది?" అంది.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. గుర్తులేదు. సొరుగులోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. ఆమె మాటలు ముత్యాల్లా ఉన్నాయి. వాటి పైన ఏమీ లేదు. ముందు పేజీ తిప్పాను, అంతకుముందు పేజీ తిప్పాను. ముప్పై మూడేళ్ళుగా నేను జవాబులే రాసుకున్నాను. నా ప్రశ్న ఒక్కసారి కూడా రాయలేదు.

"నాకు యాదున్నది" అంది ఆమె. "కిరాయి కాయితం చేతుల పట్టుకోని, మా ఆయన దిక్కు చూసి, 'ఈయనేనా యజమాని' అని అడిగిన్రు. మా దిక్కు యజమాని అంటె ఇంటాయన సార్. పిల్లల బడి కాయితాలల్ల గూడ యజమాని అని ఉన్నకాడ ఆయన పేరే రాస్తం. గందుకే పేరుకే యజమాని అన్న. నడిపిచ్చేది నేనని అందరికి ఎర్కే, గందుకే నవ్విన్రు. ఆడిదాని పేరు మీద గది కిరాయికియ్యనన్నడు సార్ ఇంటి మాలికు. గందుకే కాయితం ఆయన పేరు మీదున్నది."

"మరి ఆ బకెట్లు?"

"కంపిని ఖాళీ చేసినప్పుడు చెత్తల పారేసిన్రు సార్. ఏరుకొచ్చుకున్నం."

మొత్తం నా కళ్ళముందుకు వచ్చింది. ఆ కాగితం, భర్త మొహం, నా ప్రశ్న, అన్నీ. ఆమె చెప్పింది నిజమని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఇక్కడే మీతో ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తప్పు నాదేనని నేను రాసిస్తే, అప్పీలు లేకుండానే మేనేజరు మళ్ళీ తనిఖీకి పంపి కాగితం ఇవ్వగలడు. ఆ సంగతి తెలిసి కూడా నేను కదల్లేదు. ఇరవై మూడు రోజుల్లో రిటైరవబోతున్నవాడు తన నివేదిక తప్పని రాసిస్తే ఏమవుతుందో తెలుసుగా! మెమో, దాని మీద విచారణ, విచారణ తేలేదాకా పెన్షన్ కాగితాలకు తాళం. మా నిజాంపేటలోనే అలా ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగినవాళ్ళు నాకు తెలుసు.

"అప్పీలు చేసుకోండమ్మా. నెలలో తేలుతుంది" అన్నాను.

"నెలదాక వాళ్లు ఆగరు సార్. గా బకెట్ల మీద పేరున్న పాత కాంట్రాక్టరు మనిషి నిన్న బస్తీకొచ్చిండు. రేపు పొద్దుగాల గేటు కాడికొస్తె పన్ల పెట్టుకుంటడట, రాకుంటె మళ్ల రావద్దట. పదముగ్గురు నా మొకం చూస్తున్నరు. పొమ్మని చెప్పాల్నా, ఉండుమని చెప్పాల్నా? గది చెప్పుండ్రి సార్, నేను పోత."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి పంపేవాణ్ణి, అది నాకు అలవాటే. చాయ తాగొస్తానని లేచి కిందికి వెళ్ళాను. అరగంట కూర్చున్నాను. చాయ చల్లారిపోయింది. ఆ అరగంటలో నేను ఆలోచించింది ఆ పద్నాలుగు మంది గురించి కాదు, నా గురించే.

మా ఆఫీసరు అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "సార్, ఇద్దరు మాట్లాడుకుంటె అది ముచ్చట. ఒక్కలదే రాసుకుంటె అది ఒప్పుకోలు. మీరు ముచ్చటకు పోయి ఒప్పుకోలు పట్టుకొచ్చిన్రు" అంది. నా కూతురికన్నా చిన్నది. ఇంకెవరైనా ఆ మాటంటే ఊరుకునేవాణ్ణి కాదు. కానీ కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. పైకి వెళ్ళి కాగితం తీసుకుని "పై నివేదికలో పొరపాటు జరిగినది, తిరిగి తనిఖీ చేయవలసి ఉన్నది" అని రాసి, మా మేనేజరు గదిలోకి పట్టుకెళ్ళాను.

మేనేజరు నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, మాది పక్కపక్క జిల్లాలు. చదివి కళ్ళద్దాలు తీశాడు. "పొరపాటు జరిగిందంటున్నారు. ఎవరు చేశారండీ?"

"అంటే... నా నివేదికే కదండీ."

"అది నాకు తెలుసండీ. కాగితానికి తెలియాలిగా."

అప్పుడు సిగ్గేసింది. ఆమె వాక్యంలో లేని కర్తను ఊహించుకుని అంత అనర్థం చేసినవాణ్ణి, నా వాక్యంలో కర్తను నేనే మాయం చేశాను. వేరే కాగితం తీసుకున్నాను. "నేను పొరపాటు చేశాను. నా ప్రశ్నను నమోదు చేయకుండా ఆమె జవాబును మాత్రమే నమోదు చేశాను" అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితం మీదే, ఈసారి మా ఆఫీసరు అమ్మాయి ఈరోజే మళ్ళీ తనిఖీ చెయ్యాలని, నేను పక్కనుండి నమోదు మాత్రమే చెయ్యాలని ఉత్తర్వు రాసిచ్చాడు. అప్పటికి పదకొండున్నర.

ఆఫీసు జీపు ఇంకో తనిఖీకి పోయింది. దరఖాస్తుదారు ఆటో మాట్లాడతానంది గానీ మా ఆఫీసరు అమ్మాయి ఒప్పుకోలేదు. "మీ ఆటోల మేమొస్తె రేపు అదొక పరేషాన్ అయితది అక్కా, మీరు ముందు పోండ్రి" అని నన్ను తన స్కూటీ వెనక ఎక్కించుకుంది. అరవైకి దగ్గరపడ్డ నేను, ఫైలు చొక్కాలో దోపుకుని, ఆడపిల్ల వెనక స్కూటీ మీద చందానగర్ ట్రాఫిక్‌లో! తెల్లవారుజామున వాన పడింది. లింగంపల్లి దగ్గర రైలు వంతెన కింద నీళ్ళు నిలిచి, బండ్లన్నీ ఒకే వరుసలో చీమల్లా కదులుతున్నాయి. పన్నెండున్నర దాటినా వంతెనకు ఇవతలే ఉన్నాం. దిగి నడుద్దామా అంటే నీళ్ళు మోకాలి లోతు. "మీరు గడియారం చూసుడు బంద్ చెయ్యుండ్రి సార్, నాకు ఫికరయితుంది" అంది ఆ అమ్మాయి.

ఒంటి గంటకు చేరాం. అరుగు మీద పదముగ్గురూ ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్ను చూసి భర్త మళ్ళీ కుర్చీ తెచ్చాడు. మా అమ్మాయి ఆ కుర్చీని పక్కకు జరిపి, తానూ ఆడవాళ్ళ పక్కనే అరుగు మీద కూర్చుంది. ముందు భర్తనే పిలిచి, నేల రుద్దే యంత్రం నడపమంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ నొక్కాలో తెలియక, "నాకేమెర్క మేడం, ముట్టుకుంటె తిడతది" అన్నాడు. తర్వాత ఆమెను పిలిచింది. ఆమె యంత్రాన్ని వెల్లకిలా పడేసి, అరిగిన బ్రష్షు ఊడదీసి, కొత్తది బిగించి, నిమిషంలో నడిపింది. ఏ ఫ్లోరుకు ఎంత మంది కావాలి, ఏ రాయికి ఏ మందు వాడితే మచ్చ పడుతుంది, ఎవరి మోకాళ్ళు బాగోలేవు కాబట్టి వాళ్ళను మెట్లకు వెయ్యకూడదు, అన్నీ గడగడా చెప్పింది. మొదటిరోజు ఇవన్నీ అక్కడే ఉన్నాయి. అడిగినవాడు లేడు, అంతే.

నేను గోడకానుకుని రాస్తున్నాను. ప్రశ్న ఒక వరుస, జవాబు ఒక వరుస. చివర్న మా అమ్మాయి నా వైపు చూసి, "ఆఖరిది మీరే అడగాలె సార్" అంది.

గొంతు సవరించుకున్నాను. భర్త వైపు కాకుండా ఆమె వైపు చూసి అడిగాను. "ఈ సంస్థకు యజమాని ఎవరమ్మా?"

ఆమె నా పెన్ను వైపు చూస్తూ, ఒక్కొక్క మాటే ఒత్తి పలికింది. "నేను. యజమాని నేనే. నేను అని రాయుండ్రి సార్."

రాశాను. ఆమె మొహంలో నవ్వు లేదు. పోలీసుస్టేషన్లో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. మొదటిరోజు నాతో హాస్యమాడిన మనిషి ఈమేనని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ప్రభుత్వం నుంచి వచ్చినవాడితో నవ్వుతూ మాట్లాడకూడదని ఆమెకు నేర్పినవాణ్ణి నేనే.

తిరిగి రావడానికి చుట్టుదారి పట్టినా రెండు ముప్పై ఐదుకు గానీ ఆఫీసు చేరలేదు. మేనేజరు భోజనానికి లేవకుండా మా కోసం కూర్చునే ఉన్నాడు. సంతకం, ముద్ర, స్కానింగ్. రెండు నలభై ఎనిమిదికి ధ్రువపత్రం ఆమె ఫోనుకు వెళ్ళింది. బస్తీ దగ్గర నెట్ సెంటర్లో కాగితాలన్నీ తెరిచిపెట్టుకుని సిద్ధంగా ఉంది. మా అమ్మాయి ఫోనును స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. మేనేజరు కూడా గది బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఎక్కుతున్నది మేడం... సగం ఎక్కింది..." నెట్ సెంటర్ అతనెవరో "సైటు స్లో ఉన్నదక్కా, అందరు ఆఖరికే ఎక్కిస్తున్నరు" అంటున్నాడు. "ఇగో, మళ్ల తిరుగుతున్నది..." తర్వాత మౌసు టకటకా నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"బందయింది సార్" అంది ఆమె.

గోడ గడియారం మూడూ ఒకటి చూపిస్తోంది. నేను కింద చల్లారిన చాయ ముందు కూర్చున్న అరగంటే నా కళ్ళముందుంది. వంతెన కింద నీళ్ళను తిట్టుకోవచ్చు, సైటును తిట్టుకోవచ్చు. ఆ అరగంటను మాత్రం ఇంకెవరి మీదా తొయ్యలేను. మర్నాడు పొద్దున ఆ పదముగ్గురిలో ఐదుగురు పాత కాంట్రాక్టరు గేటు దగ్గర నిలబడ్డారని తర్వాత తెలిసింది. వాళ్ళను నేనెలా తప్పుపడతాను?

నేను భయపడిన విచారణ మాత్రం రాలేదు. నా ఒప్పుకోలు కాగితాన్ని మేనేజరు ఫైలులో పెట్టి, అడిగినవాళ్ళకు, "ముందే తానే దిద్దుకున్నాడండీ, ఇంకేం అడుగుతాం" అన్నాడట. ఇరవై మూడు రోజుల తర్వాత దండ వేసి పంపారు. పెన్షన్ కూడా వేళకే వచ్చింది. లేని దయ్యానికి భయపడి పద్నాలుగు మంది నోటిదాకా వచ్చిన పనిని జారవిడిచాను.

రెండేళ్ళ తర్వాత, పెన్షనర్లు ఏటా బతికే ఉన్నామని రుజువు చూపించాలి కదా, ఆ పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. నేల అద్దంలా ఉంది. నేను బెంచీ మీద కూర్చుని నా వంతు కోసం చూస్తుంటే నేల రుద్దే యంత్రం చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే, పాత బకెట్ల మీద కాంట్రాక్టరు పేరుకు తెల్లరంగు పూసి, దాని మీద ఇంకో పేరు రాసి ఉంది. వెనక నుంచి ఆమె వచ్చింది, చేతిలో హాజరు పుస్తకంతో. మా ధ్రువపత్రం చెల్లుబాటులోనే ఉండటంతో తర్వాతి ఏడు వచ్చిన ఈ చిన్న టెండరులో పని దొరికిందట. పోయిన ఐదుగురిలో ముగ్గురు తిరిగొచ్చారట.

నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగాలని రెండేళ్ళుగా అనుకుంటున్నవాణ్ణి, చేతిలోని ఫారం సర్దుకుంటూ ఉండిపోయాను. ఆమె నా చేతిలోని ఫారం వైపు చూసింది. అందులో కుటుంబ యజమాని అన్న గడి ఖాళీగా ఉంది. మొహం సీరియస్‌గా పెట్టుకుని, అచ్చం నాలాగే గొంతు సవరించుకుని అడిగింది. "ఏం సార్, మీ ఇంట్ల యజమాని ఎవరు?"

"నేను పేరుకే యజమానినమ్మా" అన్నాను, ఈసారి కర్తను వదలకుండా. "నడిపించేది మా ఆవిడ."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత, మొదటిరోజు అరుగు ముందు నవ్వినట్టే, గట్టిగా నవ్వింది.